రూపాయి కటింగు

అంజన్న దుకాణంల క్రాపుకు నాలుగణాలు. తలుపు పక్క రేకు మీద తెల్లరంగుతోని రాసి ఉండె. నయా పైసలు వచ్చి ఏడాది దాటినా బొగ్గుబాయిల పనిచేసేటోళ్ల నోట్ల ఇంక అణాలే తిరుగుతుండె. నాలుగణాలకు కుర్చీ, ముందట అద్దం, మెడ సుట్టూ తెల్లగుడ్డ, ఆఖరుకు ఇంత పౌడరు. నెలకొకపారి నేను గక్కడికే పోతుంటి.

నా పేరు కొండల్. మాది కరీంనగర్ దిక్కు సాలోళ్ల ఇల్లు. మగ్గం మీద కడుపు నిండక బెల్లంపల్లి వచ్చి బాయిల పడ్డ. బాయిల నా జోడి రాయమల్లు. ఆయనది హుస్నాబాద్ దగ్గర ఒక పల్లె, మాదిగవాడ. జోడి అంటె ఇద్దరు కలిసి పట్టాల మీది ఒక్క టబ్బు నింపాలె. నేను చెమ్మస్‌తోని, గదే పెద్ద పారతోని, బొగ్గు ఎత్తిపోస్తే ఆయన తట్ట మోస్తుండె. చెయ్యి నొస్తే మార్చుకుంటుంటిమి. మీద కప్పు కదిలే సప్పుడు నాకంటె ముందుగాల ఆయనకు ఇనవడేది. రెండుసార్లు నా అంగి పట్టి ఎనకకు గుంజిండు. లేకుంటె గీ ముచ్చట చెప్పేటందుకు నేను మిగలకపోదును.

ఒక ఎండకాలం రాయమల్లు చెల్లె పెండ్లి కుదిరింది. వారం దినాల సెలవు పెట్టుకున్నడు. కొత్త ధోతి, తెల్లంగి కొన్నడు. బాయిల దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు పెండ్లి ముచ్చటనే.

"నెత్తే మంచిగ లేదు కొండల్" అన్నడు ఒకనాడు, నెత్తి తడుముకుంట. "మా వాడల ఒకరికొకరం కత్తిరించుకుంటం. ఒకదిక్కు పొడుగు, ఒకదిక్కు పొట్టి. పిల్ల అన్న బాయి పనోడు, పైసలు సంపాయించేటోడు అని పెండ్లోళ్లు సూస్తరు గద."

"అంజన్న దగ్గరికి దా" అన్న నేను. "ఆదివారం నేను గూడ పోవాలె. ఇద్దరం పోదాం."

"చేస్తడా?"

"నాతోని వస్తే ఎవడేమంటడు?"

గా మాట నేనే అన్న. ఇయ్యాల్టికి యాదికున్నది.

అంజన్న దుకాణం మేముండే కంపెని లైన్లకు బయట, పాత ఊరి బజార్ల ఉండె. గా దుకాణాల వరస మొత్తం దయాకర్‌రావుది. ఊరి దొర. బాయిలు పడ్డప్పుడు కంపెనికి భూములు అమ్ముకున్నడు, మిగిలిన జాగల దుకాణాలు కట్టి కిరాయికిచ్చిండు. గా ఆదివారం పొద్దున ఆయన అంజన్న అరుగు మీదనే కుర్చీ ఏసుకొని కూసున్నడు. పక్కన ఇద్దరు ముగ్గురు ఆయన మనుషులు.

అంజన్న నన్ను కుర్చీల కూసోవెట్టి గుడ్డ కట్టిండు. ఎడమదిక్కు కత్తిరించుడు అయింది. అద్దంల ఆయనకు గుమ్మంల నిలవడ్డ రాయమల్లు కనవడ్డడు.

"గాయన ఎవలు?"

"నా జోడి. నా తర్వాత ఆయనకు చెయ్యాలె" అన్న.

"ఏ ఊరు నాయనా? ఏ వాడ?" అని అంజన్న రాయమల్లునే అడిగిండు.

రాయమల్లు దాచలే. ఊరు చెప్పిండు, వాడ చెప్పిండు.

కత్తెర ఆగింది. అరుగు మీద దొర మెడ తిప్పి లోపలికి చూసిండు. అంజన్న ఒకసారి దొర మొఖం చూసి, గొంతు జర పెంచి అన్నడు: "నీకైతే రూపాయి."

"రేకు మీద నాలుగణాలని ఉన్నది గద?" అన్నడు రాయమల్లు.

"గది కుర్చీల కూసునేటోళ్లకు. నీకు రూపాయి. గదీ బయట బండ మీద."

అరుగు మీద ఎవడో కిసుక్కున నవ్విండు. రూపాయి అంటె రాయమల్లు మల్లుకొని పోతడని అంజన్న అనుకున్నడు. పూట పనికి దగ్గర దగ్గర పడుతది రూపాయి. గాని రాయమల్లు బొడ్లెకెల్లి రూపాయి తీసి, వంగి, అద్దం కింది బల్ల మీద పెట్టిండు. పోయి బండ మీద కూసున్నడు.

అంజన్న నన్ను గట్లనే వదిలిపెట్టి, అటక మీది పాత మిషను తీసుకొని బయటకు పోయిండు. పండ్లు మొద్దుబారిన మిషను అది. వెంట్రుకలను కొయ్యదు, పీకుతది. రాయమల్లు పండ్లు బిగవట్టుకున్నడు. నాకు అద్దంల అంతా కనవడుతున్నది. ఒకచోట తోలు దాంక దిగుతున్నడు, ఇంకోచోట వదిలేస్తున్నడు. నెత్తి మీద మెట్లు మెట్లు. చెవి ఎనక నెత్తురు.

"అరే అంజిగా, బాయిలకు దిగే మెట్లు కట్టినవు గదరా!" అన్నడు దొర. అరుగంత నవ్వింది. అంజన్న గూడ నవ్విండు. నవ్వుకుంట ఇంకో మెట్టు కొట్టిండు.

నేను కుర్చీల ఉన్న. మెడకు గుడ్డ ఉన్నది. సగం నెత్తి అయింది, సగం కాలే. సగం నెత్తితోని ఎట్ల లేస్తం అని నాకు నేను చెప్పుకున్న. అంజన్న లోపలికొచ్చి, చేతులు సబ్బు పెట్టి కడుక్కొని, మిగిలిన సగం మంచిగ చేసి, పౌడరు అద్ది, నా దగ్గర నాలుగణాలు తీసుకున్నడు. బయటకొచ్చేసరికి బండ మీద రాయమల్లు లేడు.

గా నెత్తిని ఎవరూ సక్కజేయలేకపోయిండ్రు. సక్కజేస్తే ఇంక అన్యాలమయ్యేటట్టున్నది. లైన్లల్ల ఒక ముసలాయన ఆఖరుకు కత్తి పెట్టి మొత్తం గుండు చేసిండు. మా దిక్కు తండ్రి చచ్చిపోతే గుండు చేసుకుంటరు. రాయమల్లు బాపు మొండయ్య బతికే ఉన్నడు. పందిట్ల బిడ్డ పెండ్లికి కూసున్నడు. కొడుకు గుండుతోని వాకిట్లకొస్తుంటె తల్లి శంకరవ్వ ఎదురొచ్చి, చూసి, నెత్తి కొట్టుకొని ఏడ్సిందట. పెండ్లి పిల్లగాని దిక్కోళ్లు ఇదేం అపశకునమని లేసి నిలవడ్డరట. కాళ్లు మొక్కి, జరిగింది చెప్పి, కూసోవెట్టిండ్రట. పెండ్లి అయింది. గాని మొండయ్య గా దినమంత ఎవరితోని మాట్లాడక, నెత్తికి రుమాలు సుట్టుకొని, పందిరి మూలకు కూసున్నడట, తననే కాటికి సాగనంపుతున్నట్టు.

ఇదంతా నాకు ఎనక తెలిసింది. పెండ్లికి నేను పోలే. సెలవు దొరకలేదని చెప్పిన. అడిగితే దొరికేది.

రాయమల్లు మల్ల పనిలకొచ్చినంక పది దినాలు మాట్లాడలే. టబ్బు నింపుడు, తోలుడు. పదకొండో దినం టబ్బు నిండినంక చెమ్మస్ గోడకు ఆనిచ్చి అన్నడు:

"అంజన్న రూపాయి అన్నడు గద. రూపాయే ఉండనీ."

"కానూను ఉన్నదట రాయమల్లు" అన్న నేను తొందర తొందరగ. "గిట్ల చేస్తే జైల్ల ఏస్తరట. యూనియన్ ఆఫీసుల చదివి చెప్పిండ్రు. ఠాణాకు పోదాం. నేను చూసిన అని చెప్త."

ఆయన నా దిక్కు జర సేపు చూసిండు. "ఏస్తె ఏమైతది? నాలుగు దినాలుంటడు. దొర విడిపిచ్చుకొస్తడు. మల్ల గదే కుర్చీ, గదే నవ్వు. నాకు గది వద్దు. వాడు పొద్దుగాల లేసి నా తొవ్వ చూడాలె. నేను రాకుంటె వాని ఇంట్ల పొయ్యి ముట్టొద్దు. గప్పుడు నేను రాకుండ ఉండాలె."

గా మాట అంటుంటె ఆయన గొంతు ఏం పెరగలే. టబ్బుల ఎన్ని తట్టలు పట్టినయో చెప్పినట్టు చెప్పిండు.

వెంట్రుకలు పెరిగే దాంక రెండు నెలలు ఆగిండు. గా రెండు నెలలు లైన్లల్ల ఇల్లిల్లు తిరిగిండు. వాళ్ల వాడోళ్లు, మాలవాడోళ్లు, మూడు షిఫ్టులల్ల, ఆయనతోని కలిపి ముప్పై నలుగురు అయిండ్రు. ఒప్పుకోనోళ్లు గూడ ఉన్నరు. రూపాయి పెట్టి నెత్తి కత్తిరించుకునుడేంది, నవ్వుల పాలయితం అన్నరు. "నవ్వుల పాలైంది నేను. మీరు రూపాయి పాలు గాండ్రి, సాలు" అన్నడు రాయమల్లు.

నా దగ్గరికి ఆఖరుకు వచ్చిండు. "నువ్వు గూడ రూపాయి ఇయ్యాలె."

"నన్ను నాలుగణాలే అడుగుతడు గద?"

"గందుకే."

సరే అన్న. ఇంకేమంట?

ఆదివారం పొద్దున అంజన్న తలుపు తీసేసరికి ముప్పై ఐదుగురం అరుగు కింద వరసగ నిలవడ్డం. స్నానం చేసి, ఉతికిన అంగీలు తొడుక్కొని. అంజన్న మొఖం తెల్లవోయింది.

"క్రాపుకు వచ్చినం" అన్నడు రాయమల్లు. "నువ్వు చెప్పిన రేటే. రూపాయి. గాని బండ మీద కాదు, కుర్చీల. పాత మిషను కాదు, కత్తెర. కానూను కాయితం చదివిపిచ్చుకొని వచ్చినం. వద్దంటవా, ఠాణాకు పోదాం. పోయినా మాకు మంచిదే, రూపాయి మిగులుతది."

అంజన్న బజారు అటు చూసిండు, ఇటు చూసిండు. దొర లేడు. మా చేతులల్ల రూపాయిలు చూసిండు. ముప్పై ఐదు. రెండు నెలలు కత్తెర ఆడిస్తే గాని అంత రాదు ఆయనకు. కుర్చీ దులిపిండు.

రాయమల్లు ముందుగాల కూసున్నడు. నేను ఆఖరుకు కూసున్న. నా వంతు వచ్చి రూపాయి బల్ల మీద పెడితే అంజన్న "నీకు నాలుగణాలే గద కొండల్" అన్నడు. రాయమల్లు గుమ్మంల నిలవడి చూస్తుండు. "ఉండనీ" అన్న.

ఇంట్ల ఎల్లక్క, నా భార్య, తెలుసుకొని ఊకోలే.

"రూపాయి పెట్టి వెంట్రుకలు తీపిచ్చుకొస్తివా? గా రూపాయికి జొన్నలెన్ని వస్తయో తెలుసా? నెత్తిల ఏమన్న బంగారం పెట్టిండా మంగలాయన?"

"రాయమల్లు అడిగిండు."

"ఆయనకు జరిగింది గనక ఆయన ఇచ్చుకుంటడు. నీకేం జరిగింది?"

నేను బిందె అందుకొని నీళ్లకు పోయిన.

గట్ల నెల నెల సాగింది. నెలకు రెండు ఆదివారాలు, సగం మంది ఒకనాడు, సగం మంది ఒకనాడు. మూడో నెల దాటేసరికి అంజన్న మారిండు. ముందుగాల మొఖం పక్కకు పెట్టి కత్తిరించినోడు, ఇప్పుడు మొఖంల మొఖం పెట్టి "చెవుల మీద ఇంత ఉంచాల్నా అన్నా?" అని అడుగుడు మొదలుపెట్టిండు. రూపాయి ఇచ్చేటోనికి ఏం చేస్తే తగుతది అని ఆయనకే ఆలోచన పుట్టినట్టున్నది. వేన్నీళ్లల్ల ముంచిన తువ్వాల మొఖం మీద ఏసేటోడు. మెడ మీది బొగ్గు మరక సబ్బు నురుగుతోని తీసేటోడు. గంధం వాసన నూనె నెత్తికి మర్దన చేసేటోడు. ఆయన వేళ్లల్ల ఏం ఉండెనో గాని, మర్దన చేస్తుంటె ఆరు దినాల బాయి నొప్పి మెడలకెల్లి భుజాలల్లకు, భుజాలల్లకెల్లి బయటకు దిగిపోయేది.

మా మనుషులల్ల గూడ ముచ్చట మారింది. "నాలుగణాల క్రాపు, రూపాయి క్రాపు, నెల తిరిగితే రెండూ ఒక్క తీరే పెరుగుతయి" అని ఒకడంటె, "పెరిగే ముచ్చట కాదురా, కూసున్నంత సేపటి ముచ్చట. అన్నా అని పిలిపిచ్చుకున్నందుకు రూపాయి" అని ఇంకొకడు. కంపెని సాయబు దగ్గర పనిచేసే వంటాయన గూడ గీ తీరు కటింగు చూసి ఎక్కడ అని అడిగిండట. నిజం చెప్తున్న, నాకు గూడ ఆదివారం ఎప్పుడొస్తదా అని ఉండేది. పగకు పోతున్నమన్న సంగతే మరిచిపోతుంటి.

రాయమల్లు మరవలే. కుర్చీల కూసొని కండ్లు మూసుకునేటోడు కాదు. అందరం మర్దనకు కండ్లు మూస్తుంటిమి. ఆయన అద్దంల అంజన్న చేతులనే చూసేటోడు.

పాత గిరాకి మెల్లగ కరిగిపోయింది. మేం కూసున్న కుర్చీల కూసోం అని దుకాణాలోళ్లు, దొర మనుషులు రాకుండ అయిండ్రు. అంజన్న రోజు పొద్దున దొర ఇంటికి పోయి గడ్డం చేసేటోడు. ఇంక రావొద్దని దొర చెప్పి పంపిండు. ఆయనకు పక్క ఊరి మంగలి కుదిరిండు. అంజన్న ఫికర్ చెయ్యలే. రేకు మీద నాలుగణాలు చెరిపి రూపాయి రాసిండు. కరీంనగర్ పోయి నిలువుటద్దం, తిరిగే కుర్చీ తెచ్చిండు. దాని కోసం భార్య కనకవ్వ మెడల పుస్తెల తాడు తప్ప మిగిలిన సొమ్ములు పోయినయి. దొర ఇదే అదనని కిరాయి పెంచితే దానికీ తలూపిండు.

ఒక ఆదివారం రాయమల్లు నెత్తి దువ్వుకుంట అంజన్న మెల్లగ అన్నడు: "గా దినం తప్పయింది రాయమల్లన్నా. మనసుల పెట్టుకోకు."

అరుగు మీద వంతు కోసం కూసున్నోళ్లు గుమ్మంలకు జరిగిండ్రు.

రాయమల్లు అద్దంలనే చూసి, "పెట్టుకోలే" అన్నడు. నవ్విండు గూడ. అంజన్న కండ్లల్ల నీళ్లు తిరిగినయి. నేను గప్పుడు అనుకున్న, అయిపోయింది, ఇంక మంచిగైంది అని. రూపాయి బల్ల మీద పెడితే చెయ్యి తేలికయింది.

బయటకొచ్చినంక రాయమల్లు అన్నడు: "పై ఆదివారం నుంచి ఎవరూ పోవద్దు. ఖానాపూర్ నుంచి మనిషి వస్తుండు."

వచ్చినాయన పేరు రాజలింగు. నాందేడ్‌ల పని నేర్చుకున్నడు. మాటకు ముందు ఒకటి, ఎనక ఒకటి మరాఠి ముక్క దొర్లేది. రాయమల్లు పోయిన నెల సెలవు పెట్టింది గందుకేనని గప్పుడు అర్థమైంది. లైన్ల మూలకు చింతపండు దుకాణం పక్కన రేకుల షెడ్డు, ఒక కుర్చీ, ఒక అద్దం. ఎవరికైనా నాలుగణాలు. ఏ ఊరు, ఏ వాడ అని ఆయన అడగలే.

గా ఆదివారం వంతు లేనోళ్లు గూడ కలిసి ముప్పై ఐదుగురం రాజలింగు దగ్గర కటింగు చేపిచ్చుకున్నం. ఆయన పని అంజన్న అంత నున్నగ లేదు. మర్దన లేదు, వేన్నీళ్ల తువ్వాల లేదు. అయినంక ఇంటికి పోతమనుకుంటె రాయమల్లు పోనియ్యలే.

"బజారుకు పోదాం. కూరగాయలు కొందాం."

అందరం కొత్త క్రాపులతోని బజార్ల నడిచినం. అంజన్న పొద్దున్నుంచి దుకాణం ఊడ్చి, వేన్నీళ్లు కాచి, తువ్వాలలు మడతపెట్టి, గుమ్మంల నిలవడి తొవ్వ చూస్తున్నడు. మేం కనవడంగనే మొఖం ఎలిగింది. లోపలికి పోయి కుర్చీ తిప్పి పెట్టిండు. మేం ఆగలే. ఆయన ముందటినుంచే ఒకరెనక ఒకరం పోయినం. మా మెడల మీది కొత్త కోతలు చూసి ఆయన చేతిల తువ్వాల పట్టుకొని గట్లనే నిలవడ్డడు. రాయమల్లు ఎనకకు మల్లి చూడలే. నేను చూసిన.

మల్ల ఆదివారం గూడ గంతే. పై ఆదివారం గంతే. పాత గిరాకి మల్ల రాలే. వాళ్ల లెక్కల గా కుర్చీ ఇంక ఎన్నటికీ వాళ్లది కాదు. అంజన్న రేకు మీద రూపాయి చెరిపి నాలుగణాలు రాసిండు. తర్వాత మూడణాలు. ఎవడూ ఎక్కలే అరుగు.

ఐదో వారం ఆయన లైన్లకే వచ్చిండు. షిఫ్టు దిగి అందరం నల్ల దగ్గర మొఖాలు కడుక్కుంటున్నం. తిన్నగ రాయమల్లు ముందటికొచ్చి నిలవడ్డడు. మనిషి సగమయిండు.

"రెండణాలు తీసుకుంట. ఉత్తగనే చేస్త. రాండ్రి రాయమల్లన్నా."

"మాకు రేటుతోని పరేషాన్ లేదు" అన్నడు రాయమల్లు. "పదకొండు నెలలు రూపాయి ఇచ్చినోళ్లం."

"దొర ముందట ఉండె గా దినం. ఆయన దుకాణం, ఆయన అరుగు. నేనేం చెయ్యాలె?"

"రూపాయి అన్నది దొరనా?"

"నేనే."

"బండ మీద అన్నది?"

"నేనే. పొమ్మంటె పోతవనుకున్న."

"పోలే గద. ఇచ్చిన గద. మరి మెట్లు కొట్టుమని దొర చెప్పిండా?"

నల్ల నీళ్లు కారుతనే ఉన్నయి, ఎవరూ కట్టెయ్యలే.

"లేదు. నవ్వుతడని కొట్టిన."

రాయమల్లు తలూపిండు, ఎన్నాళ్ల నుంచో ఆ మాట కోసమే ఉన్నట్టు. "నిజం చెప్పినవు. పో ఇంక."

అంజన్న వంగి కాళ్లు పట్టుకోవోయిండు. రాయమల్లు రెండు అడుగులు ఎనకకు జరిగిండు. "ముట్టకు" అన్నడు. గా ఒక్క మాట. చుట్టూ ముప్పై మందిమి ఉన్నం. కొందరి మొఖాలల్ల సంతోషం ఉండె. ఉంటె తప్పనలేను.

రెండు దినాలకు కనకవ్వ మా ఇంటికొచ్చింది. మా పెద్దోడు పుట్టినప్పుడు ఎల్లక్కకు కాన్పు చేసింది ఆమెనే. దొర దుకాణం ఖాళీ చెయ్యమన్నడని, కుర్చీ అద్దం కొనేటోడు లేడని, మీ మొగోడు ఒక మాట చెప్తే రాయమల్లు ఇంటడని ఏడ్సింది. ఆమె పోయినంక ఎల్లక్క నా దిక్కు తిరిగింది. "గామె చేతులల్ల పుట్టిండు నీ కొడుకు. నువ్వు చెప్పు ఆయనకు."

తెల్లారి బాయిల చెప్పిన. టబ్బు పక్క కూసొని రొట్టె తింటున్నం.

"సాలు రాయమల్లు. వాడు అయిపోయిండు. నవ్విపిచ్చింది దొర. గా దొరకు ఏం కాలే. గీ మంగలోడు మునిగిండు. నీకు మంచిగ అనిపిస్తుందా?"

"అనిపిస్తుంది" అన్నడు. నమిలి మింగిండు. "దొర సంగతి నాకు ఎరుకనే. ఆయనకు నా రూపాయితోని అక్కర లేదు. ఆయనకు నాతోని ఏ అక్కరా లేదు. నేను రాకుంటె ఆయనకు ఏం తక్కువైతది? అక్కర ఉన్నోని మీదనే మనసొంటోని పగ తీరుతది కొండల్. అంజన్నకు అక్కరుండె. దొరకు ఏనాడన్న నాతోని అక్కర పడితె, గా దినం ఆయన సంగతి చూస్త."

"కనకవ్వ ఏం చేసింది?"

"మా అవ్వ ఏం చేసింది?"

నేను మిగిలిన రొట్టె మూటగట్టి లేసిన.

అంజన్న గా నెలాఖరుకు పోయిండు. కిరాయి బండి మీద తిరిగే కుర్చీ, దాని మీద గొంగడి కప్పి, ఎనక కనకవ్వ. నిలువుటద్దం దొర ఉంచుకున్నడట కిరాయి కింద. ఎటు పోయిండో ఒకరు ఒక తీరు చెప్పిండ్రు. దుకాణంల దొర కిరోసిన్ డిపో పెట్టిచ్చిండు.

బండి పోయినంక రాయమల్లు మొఖం చూసిన. కడుపు సల్లవడ్డ మనిషి మొఖం ఎట్లుంటదో గట్ల ఉండె. బాయిల దిగుతుంటె పాట ఎత్తుకున్నడు, ఏడాదిల మొదటిసారి. ఇంక మాకు మంచి దినాలు అనుకున్న. షిఫ్టు అయిపోయినంక మాకు పనులు పంచే సర్దార్ నన్ను పిలిచిండు.

"రేపటినుంచి నీకు జోడి మారిండు కొండల్. రాయమల్లు నైటు షిఫ్టు అడుక్కున్నడు. ఎనిమిదో నంబర్ బాయిల."

ల్యాంపులు అప్పజెప్పే కాడ రాయమల్లును పట్టుకున్న. "ఏంది ఇది? నాతోని ఏం పంచాది నీకు?"

ఆయన ల్యాంపు ఇచ్చి తన నంబరు బిల్ల తీసుకున్నడు. నెమ్మదిగనే చెప్పిండు.

"వానిది తీరింది. నీది తీరలే."

"నేనేం చేసిన? నిన్ను తోలుకపోయినోన్నే నేను."

"గందుకే. వాడు నాకు ఎవడు? పరాయోడు. నవ్విండు, నవ్వుకున్నడు. నాకు నెత్తి గుంజుతుంటె నేను వాని దిక్కు చూడలే కొండల్. అద్దం దిక్కు చూసిన. అద్దంల నువ్వు ఉంటివి. ఇప్పుడు లేస్తడు, ఇప్పుడు లేస్తడు అనుకున్న. మాటొద్దు, తిట్టొద్దు, ఉత్త లేస్తే సాలు. నువ్వు మెడ సుట్టూ గుడ్డ సదురుకున్నవు."

"సగం నెత్తితోని..." అన్న.

"నా దాంట్ల సగం గూడ లేకుండె" అన్నడు. "రెండుసార్లు నీ అంగి పట్టి గుంజిన. మూడోసారి గుంజాల్సి వస్తే నా చెయ్యి ఆగుతదేమో అని భయమయితుంది. గందుకే మారుతున్న. పని మంచిగ చేసుకో."

"మరి ఏడాది నాతోని రూపాయి ఎందుకు కట్టిపిచ్చినవు? గప్పుడే చెప్పరాదా?"

"ఇచ్చుకుంట పోతె ఎందుకు లేవకపోతివో నువ్వే చెప్తవనుకున్న" అని పోయిండు.

నా కొత్త జోడి ఆసిఫాబాద్ దిక్కోడు. పనిమంతుడే. కప్పు సప్పుడు ఇనే చెవి మాత్రం ఆయనకు లేదు. నేనే ఇనుడు నేర్చుకున్న. ఇప్పటికి గూడ టబ్బు నిండంగనే పక్కకు తిరిగి మాట్లాడవోత, ఆయన వేరే మనిషని యాదికొస్తది.

మరుసటి ఎండకాలం రాయమల్లు పెండ్లి. హుస్నాబాద్ పిల్లనే. లైన్లల్ల అందరికీ చెప్పిండు. మా ఇంటికి గూడ వచ్చిండట, నేను షిఫ్టుల ఉన్నప్పుడు. ఎల్లక్కకు బొట్టు పెట్టిపిచ్చి పిలిచి, పిల్లలను తోలుకొని రమ్మన్నడట. నన్ను రమ్మనలేదు, రావొద్దనలేదు. నేను పోలే. ఎల్లక్క మంచి చీర పట్టుకొని లైన్ల ఆడోళ్లతోని పోయింది.

మూడో దినం మాపటీలి వచ్చింది. నేను వాకిట్ల నిలవడి ఉన్న.

"మంచిగైందా పెండ్లి?"

"మంచిగైంది. శంకరవ్వ నన్ను పక్కన కూసోవెట్టుకొని తినిపిచ్చింది. మొండయ్య కొత్త రుమాలు సుట్టుకొని పందిరంత తిరిగిండు, అందర్ని పలకరించిండు."

"పిల్ల?"

"ఎత్తుగున్నది. నవ్వు మొఖం."

"రాయమల్లు నా సంగతి అడిగిండా?"

ఎల్లక్క సంకలకెల్లి మూట దించి గడప మీద పెట్టింది.

"అడగలే" అని, కాళ్లు కడుక్కునేటందుకు పెరట్లకు పోయింది.